ఉప్పు తిన్న చక్రం

తుఫాను దాటిన మూడోనాడు, శనివారం పొద్దున్న, ఎల్లాజీ చేపల పికప్పు పూండి రోడ్డు పక్కనున్న పరంజ్యోతి షెడ్డు దాకా ఎలాగో ఈడ్చుకుంటూ వచ్చింది. ఎడమ వెనక చక్రం తిరగలిలో రాళ్ళు పోసినట్టు అరుస్తోంది. బ్రేకు తొక్కితే బండి ఆగకుండా కుడివైపుకు లాగేస్తోంది. ముందు సీట్లో అతని భార్య కూర్మమ్మ కిటికీకి తల ఆన్చి ఉంది. పాదాలు పొంగి చెప్పులు పట్టడం లేదు. ఊపిరి కూడగట్టుకుంటే గాని రెండు మాటలు రావడం లేదు.

ఆమె కిడ్నీలు పోయి రెండేళ్ళయింది. వారానికి రెండుసార్లు టెక్కలి ఆసుపత్రిలో రక్తం కడిగించుకోవాలి. గురువారం వంతు తుఫానులో కొట్టుకుపోయింది. కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి, అంబులెన్సును పిలిచే దారే లేదు. ఊళ్ళో మిగతా బండ్లు కొబ్బరిచెట్ల కింద నలిగిపోయాయి. టెక్కలిలో జనరేటరు పెట్టి మిషన్లు నడుపుతున్నారనీ, మధ్యాహ్నం ఒంటిగంటలోపు వచ్చినవాళ్ళనే ఎక్కించుకుంటారనీ నిన్న సాయంత్రం ఒకాయన మోటారుసైకిల్ మీద వచ్చి చెప్పి వెళ్ళాడు. ఇప్పుడు ఎనిమిది దాటింది.

పరంజ్యోతి షెడ్డుకి రేకులు లేవు. అవి పక్క జీడితోటలో పడి ఉన్నాయి. ఆ ముసలి మెకానిక్కు వాటిని ఏరుకోవడం మాని జాకీ పట్టుకొచ్చాడు. కూర్మమ్మ ముఖం చూశాక వెంటనే చక్రం పక్కన జాకీ పెట్టాడు.

చక్రం విప్పాడు, డ్రమ్ము లాగాడు. లోపల బ్రేకు లైనర్లు నూనెలో నానిపోయి ఉన్నాయి. యాక్సిల్ కడ్డీని బయటికి లాగితే దాని వెంట గేరాయిలు జారింది. నల్లగా ఉండాల్సిన నూనె మజ్జిగలా తెల్లగా ఉంది. ఆయిల్ సీలు, అంటే నూనెను లోపలా నీటిని బయటా ఆపాల్సిన రబ్బరు చుట్టు, అంచంతా చిరిగిపోయింది. బేరింగులో గుండ్లు తుప్పుపట్టి గుంటలు పడ్డాయి.

బండిని ఏ నీళ్ళలో దింపావని అడిగాడు పరంజ్యోతి. ఎల్లాజీ కళ్ళు దించుకుని, తుఫానుకి వీధిలో వరద నిలిచిందన్నాడు.

పరంజ్యోతి డ్రమ్ము అంచున పేరుకున్న తెల్లటి పొడిని గోటితో గీకి నాలిక మీద వేసుకున్నాడు. తర్వాత ఉమ్మేశాడు.

"వరదనీరు ఉప్పగుంటాదేటిరా? బండికి ఈత నేర్పుతన్నావేటి సంద్రంలో?"

ఎల్లాజీ కూర్మమ్మకు తెలియకుండా దాచుకున్నది ఆ పొడిలో బయటపడింది. ఆమెకు మొదటిసారి సూదులు గుచ్చిననాడు అతను గంగమ్మకు మొక్కుకున్నాడు. ఆమె బతికున్నన్నాళ్ళూ ప్రతి అమావాస్యకీ, ఆమెను ఆసుపత్రికి మోసే బండిని సముద్రంలో వెనక చక్రాలు మునిగేదాకా దింపి, పసుపు కుంకుమ కలుపుతానని. కొత్త పడవకు చేసేదే బండికీ చేశాడు. రెండేళ్ళలో ఒక్క అమావాస్యా తప్పలేదు. మొన్న సోమవారం అలలు తాడెత్తు లేస్తున్నా తప్పించలేదు. నీళ్ళు వెనక సరుకు తొట్టి అడుగుదాకా వచ్చాయి.

అదంతా నసుగుతూ చెప్పాడు. కిటికీలోంచి కూర్మమ్మ వింటూనే ఉంది.

"పడవకి బేరింగులుండవురా నాయనా," అన్నాడు పరంజ్యోతి మెల్లగా. "నీ మొక్కుని నేను కాదనను. నీ దేవత నీది. కానీ ఇది ఇనుము. దీనికి బత్తి తెలీదు."

ఎల్లాజీ టైరు మీద కూలబడ్డాడు. ఆమెను బతికించమని చేసిన పనే ఆమెను ఇక్కడ ఆపేసింది. తల్లి అలా చేస్తుందా? అసలు తల్లి ఆ మొక్కు అడిగిందా, తన భయమే అడిగిందా? అంత సముద్రానికి, నాలుగు చక్రాల బండి వచ్చి తడిస్తే గాని మనిషి బాధ తెలియదా? అడగడానికే భయం వేసి లెంపలు వేసుకున్నాడు.

పరంజ్యోతి బేరింగును జారకుండా పట్టి ఉంచే పాత ఇనుప కాలరును ఉలితో పగలగొట్టి దాన్ని ఊడదీశాడు. కరెంటు లేదు, బేరింగును నొక్కి ఎక్కించే ప్రెస్సు లేదు. కొత్త బేరింగును గొట్టంతో కొట్టి ఎక్కించాడు. కొత్త కాలరును కిరసనాయిలు స్టవ్వు మీద నూనెలో కాచి, పట్టకారుతో పట్టి కడ్డీకి తొడిగాడు. అది చల్లారుతూ బిగుసుకుంది. కొత్త సీలును చెక్కముక్క పెట్టి సుతారంగా దింపాడు. ఎల్లాజీ లైనర్లను పెట్రోలుతో కడిగి గరుకు కాగితంతో రుద్దాడు. తెల్ల నూనె వంపేసి మంచిది పోశారు.

పదకొండున్నరకి చక్రం బిగించి, కుడి వెనక చక్రాన్ని ఎత్తి తిప్పి చూశాడు పరంజ్యోతి. అదీ గరగరలాడుతోంది. ఇంకో జత లేదు. ఉన్నదొక్కటీ ఎడమకి పోయింది.

"టెక్కలి దాకా వస్తాది. స్పీడు ఇరవై దాటనీకు. మోత మారిందంటే ఆపీ. ఆపకపోతే చక్రమే ఊడి ముందెళ్ళిపోద్ది."

ఎల్లాజీ స్టీరింగు దగ్గర కూర్చుని, వచ్చే అమావాస్యకి ఏం చెయ్యాలే అన్నాడు. కూర్మమ్మ ఊపిరి అందుకుని అంది.

"అమ్మకి నేను సెప్పుకుంటాను. నువ్వు బండి తోలు."

ఎప్పుడూ బండి ఎక్కగానే గంగమ్మ పేరు పైకి అనుకుంటూ తోలేవాడు. ఆ రోజు నోరు విప్పలేదు. విప్పితే చక్రం మోత వినపడదు. నరికి తోసిన చెట్ల మధ్య నుంచి, తెగిన తీగల పక్క నుంచి, చెవి మొత్తం కుడి వెనకకే ఇచ్చి తోలాడు. గరగర, గరగర. కూర్మమ్మ ఊపిరిని కూడా దానితోపాటే లెక్కపెడుతున్నాడు. మనసులో ఒక్క మాటా మొక్కలేదు. ఇలా వినడం మొక్కు కాకపోతే మరేమిటో అతనికి తెలియలేదు.

టెక్కలిలో ఆసుపత్రి వీధి మొదట్లో మోత మారిపోయింది. గరగర పోయి గుర్రుమని ఒకటే రొద. బండిని పక్కకి తీసి ఇంజను ఆపేశాడు. పన్నెండూ నలభై.

ఇంజను ఆగినా రొద ఆగలేదు.

ఎల్లాజీ దిగి చక్రం మీద చెయ్యి వేశాడు. కాలుతోంది గాని వదులు కాకుండా గట్టిగానే ఉంది. చెవి దగ్గర పెట్టి విన్నాడు. చప్పుడు దానిలోంచి రావడం లేదు.

"జనరేటరది," అంది కూర్మమ్మ. తలుపు తీసుకుని, పొంగిన పాదం అప్పటికే రోడ్డు మీద పెట్టింది.