చెత్తడబ్బాలో టర్కీ ఎముకలు

"అమ్మాయ్, టర్కీ కోడి ఎముకలేవి?" ఫ్రిజ్ తెరిచిన అత్తగారు ఒడిల్ అడిగింది.

గ్రెటా కిటికీలోంచి వీధివైపు చూసింది. నిన్నటి థాంక్స్‌గివింగ్ పండగ విందయ్యాక ఆ ఎముకల్ని విడిగా సంచిలో కట్టి వీధిలోని చెత్తడబ్బాలో పడేసింది తనే. లూసియానాలో మర్నాడు గంబో పులుసు వాటితోనే పెడతారని మిన్నెసోటా నుంచి వచ్చిన కొత్తకోడలికేం తెలుసు? మధ్యాహ్నానికి చుట్టాలంతా గిన్నెలు పట్టుకుని దిగుతారు.

అంతలో వీధిలో చెత్తలారీ చప్పుడు వినిపించింది.

గ్రెటా చెప్పుల్లేకుండానే పరిగెత్తింది. లారీ డబ్బాను ఎత్తబోతుండగా సంచిని లాగేసింది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో ఒడిల్ నిలబడి ఉంది. సంచి అందుకుని ముడి విప్పి, వాసన చూసింది.

"రాత్రి చలికి చెడలేదులే. కడిగి మరగబెట్టు. మీ ఆయనకి మాత్రం చెప్పకు, ఊరంతా చాటుతాడు."