నాలుగో బల్ల

మర్నాడు బడిపిల్లలు కాలేజీ ల్యాబు చూడ్డానికి వస్తున్నారు. ప్రాణమున్న ప్రతిదీ వేటితో తయారైందో చూపించడానికి లెక్చరరుగారు నాలుగు బల్లలు వేయించాడు. మొదటిది కార్బోహైడ్రేట్లకు. బంగాళాదుంప ముక్క మీద అయోడిన్ చుక్క వేస్తే నల్లబడుతుంది. రెండోది ప్రోటీన్లకు. బైయూరెట్ ద్రావణం తగిలితే గుడ్డు తెల్లసొన ఊదారంగుకు తిరుగుతుంది. మూడోది కొవ్వులకు, కాగితం మీద నూనె మరక. నాలుగోది మాత్రం డీఎన్ఏకు. అరటిపండు గుజ్జులోంచి తెల్లటి దారాలు లేచే బల్ల అది. చూసినవాళ్లు నోరు తెరవాల్సిందే.

ఆ నాలుగో బల్లను, అదే ల్యాబులో పనిచేసే తన చదువుకాలపు సీనియరమ్మకిచ్చి, కట్టుకున్న పెళ్లాం చేతిలో బంగాళాదుంప పెట్టాడాయన.

ఒళ్లు మండదూ మరి! కొత్త పెళ్లికూతురైతేనేం, ఆమె కూడా అదే చదువు చదివి, అదే ల్యాబులో డెమాన్‌స్ట్రేటరుగా చేరింది. పొద్దున్నే ఆయన దువ్వెన దాచేసి ఆడించడం, ఒకే గొడుగు కింద ఇద్దరూ సగం సగం తడుస్తూ నడిచి రావడం, ఈ సంబరాలన్నీ ల్యాబు గుమ్మం దాకానే. లోపల అడుగుపెడితే చాలు, ఆయనకు ‘సీనియర్’ జపమే. చదువుకునే రోజుల్లో పిపెట్ పట్టడం నేర్పిందట! ఆవిడ గాజుగొట్టం ఎత్తి చూపిస్తే ‘అబ్బ!’ అంటాడు. పొట్టలోంచి వస్తుంది ఆ అబ్బ. పెళ్లిచీరలో తనను చూసినప్పుడు కూడా ‘బాగుంది’ అన్నాడు గాని, అబ్బ అనలేదు.

ఒక్కసారైనా ఆ అబ్బ తనకు దక్కాలి.

భోజనాల వేళ అందరూ క్యాంటీనుకు వెళ్లగానే ఆమె తలుపు దగ్గరగా వేసింది. ఏ పాపమూ ఎరగని అరటిపండును ఫోర్కుతో చితక్కొట్టింది. ఉప్పునీళ్లు, గిన్నెలు తోమే సబ్బు కలిపి, గుడ్డలో వడకట్టి గొట్టంలో పోసింది. చల్లబెట్టిన స్పిరిట్ గుబుక్కున ఒంపి, బొటనవేలు అడ్డం పెట్టి టకటకా ఊపింది. దారం లేదు, పాడూ లేదు. తెల్లటి పొట్టు తేలింది. మళ్లీ చేసింది. మళ్లీ పొట్టే.

“ఏమ్మా మరదలా, ఆ గొట్టం మీద ఏం కక్ష?”

గుమ్మంలో సీనియరమ్మ, చేతిలో సగం కొరికిన జామకాయ.

“కక్షేం లేదు మేడం. ఊరికే.”

“ఊరికేనా! డీఎన్ఏ అంటే పొడుగాటి దారం తల్లీ. అలా ఊపితే తెగి ముక్కలవుతుంది. గొట్టం వాల్చి, అంచు వెంబడి స్పిరిట్ జారవిడువు. తర్వాత చేతులు కట్టుకుని కూచో.”

“ఆయనకూ ఇలాగే దగ్గరుండి నేర్పారా?” నోరు జారింది.

సీనియరమ్మ పకపకా నవ్వింది. “ఓహో, మంట అక్కడా! వాడికి నేర్పేసరికి నా జుట్టు నెరిసిందే! నాలుగో బల్ల నువ్వే తీసుకో. నాకు బంగాళాదుంపే హాయి.”

జాలిపడి ఇస్తోంది కాబోలని ఆమెకు మళ్లీ చురుక్కుమంది. అయినా గొట్టం వాల్చింది.

స్పిరిట్ జారి గుజ్జునీళ్ల మీద తేటగా నిలిచింది. రెండూ తగిలేచోట పొగమంచులా ఏదో కదిలింది. సన్నగా, బద్ధకంగా ఒక తెల్లటి దారం లేచింది. దాని వెంట ఇంకోటి. గట్టిగా ఊపిరి విడిస్తే తెగుతుందేమోనని ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది.

అప్పుడే లెక్చరరుగారు లోపలికొచ్చాడు. “అబ్బ! సీనియర్, నీ చేతిలో ఏముందో గాని...”

“నా చేతిలో జామకాయ ఉంది నాయనా. గొట్టం ఎవరి చేతిలో ఉందో కళ్లు పెట్టి చూడు.”

“నువ్వా? అబ్బ... అబ్బబ్బ!”

కోరుకున్నదానికంటే ఎక్కువ అబ్బలే వచ్చాయి. కానీ ఆయన చూపు గొట్టం దాటి వేలెడు పైకి రాలేదు. వంగి, కళ్లద్దాలు పైకి తోసుకుని, ఆ దారాలను పెళ్లిపీటల మీది వరుడిలా చూస్తున్నాడు. ఇన్నాళ్లూ సీనియరమ్మ మీదున్న కుళ్లంతా ఒక్క గంతులో అరటిపండు మీదికి దూకింది.

“ఇటివ్వు, వెలుతుర్లో చూద్దాం.”

ఆమె గొట్టాన్ని వీపు వెనక దాచేసింది. మెల్లగానే, దారం తెగకుండా.

“ముందు నన్ను చూడండి.”