పొయ్యిలోని బూడిద

గోవర్ధన్‌కు పక్షవాతం వచ్చి, కుడిచేయి పడిపోయి మూడు నెలలైంది. కోరుట్లలో ఉండే కూతురు సంధ్యారాణి ప్రతి ఆదివారం సిరిసిల్ల వచ్చి చూసి పోతుంది. ఆ ఆదివారం మాత్రం తెగేసి చెప్పింది.

"బాపూ, ఇంకో వారం సూస్త. అంగి గుండీలు నీయంతట నువ్వు పెట్టుకుంటె సరే. లేకుంటె నాతోని కోరుట్లకు నడువాలె."

గోవర్ధన్ మొహం మాడిపోయింది. వయసులో చేమగ్గం, తర్వాత సాంచాలనే మరమగ్గాలు నడిపిన మనిషి. సొంత ఇల్లు వదలడమంటే ఆయనకు ప్రాణం పోయినట్టే.

ఇక్కడ చూసుకునేవాళ్లు లేరని కాదు. ఆశా కార్యకర్త సరోజన రోజూ వచ్చి బీపీ, మాత్రలు చూస్తుంది. ఫిజియోథెరపీ చేయించే లత రబ్బరు బంతి ఇచ్చి పిసకమంది. ఇద్దరికీ కలిపి ఒకటే నోటుబుక్కు. ఒకరు రాసింది ఇంకొకరు చదువుతారు. బంతిని మాత్రం పెద్దమనిషి మంచం కిందికి విసిరేస్తాడు. ఆ రోజూ విసిరేసి, సరిగ్గా తిరగని నాలుకతో అన్నాడు.

"బూడిది... బూడిది తే!"

విభూతి అడుగుతున్నాడనుకుంది సంధ్యారాణి. గబగబా దేవుని విభూతి పొట్లం విప్పి తండ్రి నుదుట పెట్టింది. ఆయనకు ఒళ్లు మండింది.

"దేవునిది గాదే! పొయ్యిది!"

మాత్రలు తీస్తున్న సరోజన పకపకా నవ్వింది. ఆమెదీ నేతపని ఇల్లే.

"అక్కా, మా తాత గిట్లనే అడిగేటోడు. తెగిన పోగులు అతికేటప్పుడు జారకుండ చేతి ఏళ్లకు బూడిది అద్దుకుంటరు."

పొయ్యిలోంచి కాస్త బూడిద, పక్కింటి సాంచాల దగ్గర నుంచి గుప్పెడు తెగిన పోగులు తెచ్చింది. గోవర్ధన్ బూడిదలో కుడిచేతి రెండు వేళ్లు ముంచి, రెండు పోగులు కలిపి మెలిపెట్టాడు. జారింది. మళ్లీ జారింది. ఏడోసారి అతుక్కుంది. గ్లాసు పట్టలేని వేళ్లకు అది ఇంకా గుర్తుంది! సరోజన నోటుబుక్కు తీసి లత కోసం రాసింది: "బంతి బంద్. రోజూ పోగులు."

మళ్లీ ఆదివారం తండ్రి బట్టలు సర్దడానికి పెద్ద సంచి పట్టుకొచ్చింది సంధ్యారాణి. ఆయన తెల్లంగి వేసుకుని గడపలో కూర్చున్నాడు. గుండీలన్నీ పెట్టి ఉన్నాయి. ప్రతి గుండీ చుట్టూ బూడిద వేలిముద్ర. ఒకటి మాత్రం పక్క కాజాలోకి పోయింది.

సరిచేయబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. కళ్లు నిండాయి. సంచి మడిచి చంకలో పెట్టుకుని తండ్రి పక్కన కూర్చుంది.

"బాపూ, నీ ఇంటికి అచ్చిన. చాయ్ పొయ్యవా?"