ఆరో అంతస్తు ఆగడాలు

లిఫ్టులు బాగుచేసేవాడి బతుకూ లిఫ్టు లాంటిదే. రోజంతా పైకీ కిందికీ తిరగడమే తప్ప, పైకొచ్చేది ఏమీ ఉండదు. నేను పైకొచ్చానంటే ఈ భవనం ఆరో అంతస్తుకే. ఇక్కడి లిఫ్టు చూసుకున్నంత కాలం ఆ రెండు గదులూ మావేనని భవనం సెక్రటరీగారు మాటిచ్చారు. మాట బాగానే నిలబడింది. నిలబడకూడని లిఫ్టే నిలబడటం మొదలెట్టింది.

కారణం మా ఎనిమిదేళ్ళ కూతురు. మేం దాన్ని గండుచీమ అంటాం. బడిలో ఇద్దర్ని కరిచింది, లిఫ్టు ఎక్కించబోతే నన్ను మూడుసార్లు కరిచింది. బయటి గేటు లాకు సందులో స్కేలు దూరిస్తే లిఫ్టు ఎక్కడున్నది అక్కడే ఆగిపోతుంది. ఈ రహస్యం తెలిసినవాళ్ళం భవనంలో ఇద్దరమే. అందులో నేను ఆ పని చెయ్యను. దాని ఆగడాలతో నెల తిరక్కుండా లిఫ్టు ఆగడాలు నాలుగయ్యాయి.

"ఇంకొక్కసారి ఆగిందా, పని ఇంకొకరిది, గదులూ ఇంకొకరివి" అన్నారు సెక్రటరీగారు, బటన్ నొక్కినట్టు నా ఛాతీ మీద వేలితో పొడుస్తూ.

పిల్లని దారిలో పెట్టడానికి ఇంట్లో రెండు దారులు. నాది నోటి దారి. "లిఫ్టు మెకానిక్ కూతురివై ఉండి లిఫ్టంటే భయమా? సిగ్గు లేదూ! ఎక్కు!" మా ఆవిడది చంక దారి. అది బిక్కమొహం వేస్తే చాలు, చంకనేసుకుని ఆరంతస్తులూ మోసేది.

"మీరు నోరు తగ్గించండి" అనేది.

"నువ్వు మోత తగ్గించు" అనేవాణ్ణి.

చివరికి ఆవిడకి నడుం పట్టేసింది, నాకు గొంతు పట్టేసింది, పిల్లకి పట్టిన దిగులు మాత్రం ఒక్క మెట్టూ దిగలేదు.

ఆదివారం పొద్దున్న కాఫీ గ్లాసు ఇంకా పెదాలకి తగల్లేదు, లిఫ్టు అలారం మోగింది.

"ఏవండీ, పిల్ల ఇంట్లో లేదు!" అంది మా ఆవిడ.

నా గుండె ఆరు నుంచి నేలకి జారింది. పనిముట్ల సంచి పట్టుకుని మెట్లు దూకుతూ దిగాను. నాలుగో అంతస్తు మలుపులో మాటలు వినపడి ఆగిపోయాను.

గండుచీమ గేటు చువ్వలకి బుగ్గ ఆనించి కూర్చుంది. చేతిలో విరిగిన స్కేలు. మిగతా ముక్క లాకులోనే ఉండిపోయింది. మూడుకీ నాలుగుకీ మధ్య ఆగిన లిఫ్టులోంచి సెక్రటరీగారి బట్టతల దాని పాదాల దగ్గర మెరుస్తోంది.

"తాతగారూ, భయపడొద్దని నేను అనను. అలా అంటే ఇంకా ఎక్కువవుతుంది."

"మీ నాన్నని పిలవ్వే!"

"వస్తాడు. ముందు చెప్పండి, మీ భయం ఇప్పుడు ఎన్నో అంతస్తులో ఉంది?"

"ఆరు! కాదు, ఏడు!"

"చేతులు చల్లబడ్డాయా? గుండె చప్పుడు చెవుల్లో వినపడుతోందా?"

"అవునే! నీకెలా తెలుసు?"

"నాకు రోజూ వినపడుతుందిగా."

అవన్నీ నా మాటలే. లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళు ఫోన్ చేస్తే, అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని నేను అడిగేవి అవే. ఫోన్ పెట్టేశాక "అదే ఆ తాడు తెగి ఉంటేనా!" అని ఉప్పూ కారం దట్టించి పిల్ల ముందు చెప్పేదీ నేనే.

"మరి ఎందుకు ఆపావే?" లోపలి గొంతు వణికింది.

"ఆగిన లిఫ్టు పడదుగా తాతగారూ. మా నాన్న దాని నెత్తినెక్కి పని చేస్తాడు. తాడు తెగితే నాన్న కూడా పడిపోతాడుగా."

నా కాలి కింద మెట్టు కిర్రుమంది. అది తిరిగి చూసింది. పళ్ళు సిద్ధం చేసుకుంది. నా నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది. దాన్ని బలవంతంగా మూసి, వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"చిట్టితల్లీ, నీ భయం ఎన్నో అంతస్తులో ఉంది?"

అది నన్ను కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. "ఆరు."

"సరే. అయిదుకి దిగేదాకా ఇక్కడే ఉంటాను."

"ముందు నన్ను దించవయ్యా బాబూ!" అని కింద నుంచి కేక.

ముక్కు పటకారుతో ముక్క లాగాను. లిఫ్టు నాలుగుకి వచ్చింది. సెక్రటరీగారు రుమాలుతో కళ్ళు తుడుచుకుంటూ బయటపడ్డారు. గండుచీమ స్కేలు ముక్క ఆయనకి చూపించింది. "నేనే ఆపాను. నాన్న కాదు."

నా కళ్ళ ముందు రెండు గదులూ మూటాముల్లే సర్దుకున్నాయి.

ఆయన స్కేలు చూశారు, నన్ను చూశారు, చివరికి దాని వైపు వంగారు. "నేను ఏడ్చానని ఎవరితోనైనా అంటావా?"

"ఏడ్చారా? ముక్కు కారిందనుకున్నాను."

"ముక్కే. ముక్కే కారింది" అన్నారు గబగబా. తర్వాత నాతో, "గదుల్లో ఉండండి. ఆ స్కేళ్ళన్నీ మాత్రం నాకు అప్పగించండి. ఇక నేను ఈ లిఫ్టు ఎక్కను" అని, తన అయిదో అంతస్తుకి మెట్లెక్కి వెళ్ళిపోయారు.

ఇప్పుడు రోజూ సాయంత్రం కింద నుంచి ఒకటో అంతస్తుకి మాత్రం వెళ్తాం. లోపల నేను, గండుచీమ, ఎలాగో ఒప్పించి తెచ్చిన సెక్రటరీగారు. మా ఆవిడ మొయ్యడం మానేసి ఒకటో అంతస్తు గేటు దగ్గర నిలబడుతుంది. అక్కడి నుంచే చెయ్యి ఊపుతుంది.

నిన్న గండుచీమ నా వేలు నలిపేస్తూ తన భయం లెక్క తనే చెప్పింది. "ఆరు... అయిదు... నాలుగు. నొక్కనా నాన్నా? తాతగారూ, మీది?"

"తొమ్మిది."

"మనకున్నవి ఆరే కదండీ!"

"నాది నీళ్ళ ట్యాంకు ఎక్కి కూర్చుందమ్మా."

గండుచీమ బటన్ మీంచి వేలు తీసేసింది. లిఫ్టులోనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"సరే, దిగేదాకా ఆగుతాం" అంది.