మొదటి రెండు వరుసలు

మా పత్రికలో అందరూ ముందు తిప్పేది నాలుగో పేజీ. ఎవరు పోయారో చూసుకున్నాకే మిగతా లోకం. ఆ ప్రకటనలు రాసేది నేనే. పొద్దున్నే దేవుడికి దీపం పెట్టి, ఆ చేత్తోనే పోయినవాళ్ల పేర్లు రాస్తాను.

పత్రిక కొనేవాళ్లు తగ్గిపోయాక వెబ్‌సైట్ మీదే బతకాల్సి వచ్చింది. అది మా మరిది చూస్తాడు.

"వదినా, జనం ఎక్కువగా తెరిచేది నీ పేజీనే. దానికి తాళం వేద్దాం. మొదటి రెండు వరుసలు అందరికీ కనిపిస్తాయి, మిగతాది చందా కట్టినవాళ్లకే."

"చావు కబురుకి చందా ఏమిటయ్యా?"

"పత్రికే పోతే ఆ కబురు రాసేదెవరు?"

ఎడిటరైన మా ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ ఉండిపోయారు. తాళం పడింది. చందాలు వచ్చాయి. ఆగిపోయిన జీతాలు మళ్లీ అందాయి. మరిదిది తప్పని ఏ నోటితో అనను?

ఒక సోమవారం ఆఫీసు తలుపు తీసేసరికి మా ఊరి టైలర్ తాత మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాతో.

"అమ్మా, మా గడియారాల వాణ్ణి శ్మశానానికి ఎప్పుడు తీసుకెళ్తున్నారు?"

"నిన్న సాయంత్రమే అయిపోయింది తాతా."

ఆయన ఫోన్ చూపించాడు. స్నేహితుడి ఫొటో. కింద నేను రాసిందే: 'మిక్కిలి విచారంతో తెలియజేయునది ఏమనగా, అందరి మన్ననలు పొందిన మా ప్రియతమ తండ్రిగారు...' అక్కడికి రెండు వరుసలూ అయిపోయాయి. తర్వాత తాళం బొమ్మ.

"వాడి ఫోన్ ఎవరూ ఎత్తలేదు. ఈమధ్యే కూతురింటికి మారాడు, ఆ ఇల్లు నాకు తెలీదు. నిన్న ఆదివారం, మీరూ లేరు." నవ్వాడు. "ఏ బట్టా చెప్పిన వేళకి ఇవ్వనని జన్మంతా తిట్టాడు వెధవ. చివరికి వాడి మాటే నిలబెట్టాను."

కూతురి అడ్రసు రాసిచ్చాను. ఆయన ఒక్క నిష్ఠూరమూ ఆడకుండా వెళ్లాడు. నాకు అదే కష్టంగా ఉంది.

ఆ మధ్యాహ్నమే ఒక డ్రైవరు పోయిన కబురు వచ్చింది. ప్రతి ప్రకటననీ విచారంతో మొదలుపెట్టడం మా మామగారి నాటి పద్ధతి. ఆ రోజు తిరగేశాను. ముందు పేరు, వేళ, చోటు. విచారం తర్వాత.

మరిది చూసి తల పట్టుకున్నాడు. "అసలు సంగతంతా గడపలోనే చెప్పేస్తే లోపలికి ఎవరొస్తారు వదినా?"

"ఆయన గురించి చదవాలనుకున్నవాళ్లు వస్తారు."

"రాకపోతే?"

తింటున్న కంచానికే ద్రోహం చేస్తున్నానేమో. దేవుణ్ణి అడిగితే, ఆ లెక్క నాకే వదిలేసినట్టు ఊరుకున్నాడు.

మా ఆయన కుర్చీ జరుపుకుని స్క్రీన్ మీది ప్రకటన చదివారు. మళ్లీ చదివారు.

"శ్మశానానికి ఏ గేటు నుంచి వెళ్లాలో రాయలేదేం?"

"చోటు చాలదు అన్నయ్యా, మూడో వరుసలోకి పోతుంది," అన్నాడు మరిది.

"అయితే మూడో వరుస కూడా బయటే ఉంచు."

మరిది నిట్టూర్చి, కీబోర్డు ముందుకు లాక్కున్నాడు.

"ఏ గేటు వదినా?"

"తూర్పు గేటు," అన్నాను.