వెనకనుంచి చదివిన బాండు

మా ప్రెస్సులో ప్రూఫులు వెనకనుంచి చదువుతాం. పేజీలో ఆఖరి మాటతో మొదలుపెట్టి ఒక్కొక్కటే చూసుకుంటూ మొదటి మాటదాకా రావాలి. ముందునుంచి చదివితే కన్ను విషయం వెంట పరిగెత్తి, ఎగిరిపోయిన అక్షరాన్ని పట్టించుకోదు. విషయంతో మనకేం పని? ముప్ఫై ఏళ్ళపాటు పాఠ్యపుస్తకాలూ, మందుసీసాల చీటీలూ, కోర్టు నోటీసులూ అలాగే చదివాను. ఒక్కటీ అర్థం కాలేదు, ఒక్కదాంట్లోనూ తప్పు పోలేదు. ఈ సంగతి నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాను, మా ఆవిడ ఆ నలుగురిలో లేనప్పుడు.

యుద్ధం మొదలైన వారానికి యుద్ధబాండ్లు అచ్చువేసే పని మా ప్రెస్సుకొచ్చింది. యజమాని కాళ్ళు నేలమీద నిలవలేదు.

"ఇంత యుద్ధానికి పన్నులేస్తే జనం ఊరుకుంటారా? అందుకే సర్కారు అప్పడుగుతోంది," అన్నాడు. "పన్ను కట్టమంటే తిట్టేవాళ్ళే అప్పంటే క్యూ కట్టి మరీ ఇస్తారు, చూస్తూ ఉండు."

బాండు వెనకవైపు చీమలంత అక్షరాల్లో షరతులున్నాయి. నేను ఐదుసార్లు చూశాను. రెండు కామాలు సరిచేశాను. అంత శుభ్రమైన కాగితం నా చేతిమీదుగా అంతకుముందెప్పుడూ వెళ్ళలేదు.

సరిగ్గా ఆ నెలలోనే, మేం అద్దెకుంటున్న రెండు గదుల ఇల్లు కొనాల్సి ఉంది. ఇంటాయన ఎనిమిది వేలకి ఒప్పుకున్నాడు. ఆ ఎనిమిది వేలూ మా ఆవిడ పన్నెండేళ్ళు మిషను కుట్టి, ఒక్కో చొక్కా మీద ఒక్కో రూపాయి వెనకేసి కూడబెట్టినవి. ఇంటాయనకి ఇచ్చిరమ్మని ఆ డబ్బు నా చేతిలో పెట్టింది. దారిలో బాండ్ల కౌంటరు తగిలింది. బ్యాండు మేళం వాయిస్తున్నారు. యుద్ధం మూడు నెలల్లో అయిపోతుందని పేపర్లన్నీ రాశాయి. మూడు నెలలాగితే డబ్బుతో పాటు వడ్డీ కూడా వస్తుంది, ఆ వడ్డీతో వంటగదికి కిటికీ పెట్టించి ఆవిడని ఆశ్చర్యపరచవచ్చు అనుకున్నాను. ఆశ్చర్యపరచడం మాత్రం జరిగింది.

"ఏమిటండీ ఇది?"

"బాండు. వెతికినా ఒక్క తప్పు దొరకదు. నేనే ఐదుసార్లు చదివాను."

ఆవిడ దాన్ని తిప్పి, దీపం దగ్గర పెట్టుకుని, మామూలు మనుషుల్లా ముందునుంచి చదివింది. "యుద్ధం ముగిసిన ఆరేళ్ళకు అసలు, వడ్డీ చెల్లించబడును. ఈలోగా ఎవరికీ బదిలీ చేయరాదు."

నేనూ దీపం దగ్గరికి వంగాను. "అలా ఉందా?"

"ఐదుసార్లు చదివానన్నారుగా!"

"చదివాను. వెనకనుంచి."

ఆవిడ ఏడవలేదు, అరవలేదు. మిషను ముందు కూర్చుని అర్ధరాత్రిదాకా కుట్టింది. ఆ టకటకలు వింటూ కూర్చోవడం కంటే నాలుగు తిట్లు తినడం హాయి.

మూడు నెలల యుద్ధం నాలుగేళ్ళు సాగింది. మేం రెండో విడత బాండ్లు అచ్చువేశాం. మొదటి విడత డబ్బు అయిపోయిందట. తర్వాత మూడో విడత వేశాం. అది పాత అప్పుల మీద వడ్డీ కట్టడానికట. బ్యాంకులకి కట్టలు కట్టలుగా పంపాం. వాటి బదులు కొత్త నోట్లొచ్చాయి. నోట్లు పెరిగాయిగాని బట్ట పెరగలేదు. ఒకరోజు మా ఆవిడ ఖాళీ సంచీతో తిరిగొచ్చింది.

"బట్టంతా సైన్యానికే పోయిందట. దారం ధర నాలుగింతలు చెప్పాడు," అంది. "సైన్యానికి ఏ డబ్బుతో కొంటున్నారో తెలుసా?"

"సర్కారు డబ్బుతో."

"నా డబ్బుతోనండీ! నా ఎనిమిది వేలూ బజారుకెళ్ళి నాకే పోటీగా బేరమాడుతున్నాయి. నేను రెండంటే అవి నాలుగంటున్నాయి."

ఇంత సూటిగా ఏ పేపరూ రాయలేదు. రాసి ఉంటే వెనకనుంచి చదివి ఉంటాను, అది వేరే సంగతి.

యుద్ధంలో మనమే గెలిచామన్నారు. ఆ తర్వాత ఆరేళ్ళకి, అంటే బాండు కొన్న పదేళ్ళకి, డబ్బు తీసుకోవడానికి ఇద్దరం ఖజానా కార్యాలయానికి వెళ్ళాం. అసలు ఎనిమిది వేలు, వడ్డీ రెండువేల నాలుగువందలు. గుమాస్తా నవ్వుతూ ఒక కాగితం నా ముందుకి తోశాడు.

"ఇక్కడ సంతకం పెట్టండి, సరిపోతుంది."

కలం తీశాను. మా ఆవిడ మోచేత్తో నా డొక్కలో పొడిచింది. "ముందునుంచి," అంది.

ముందునుంచి చదివాను. అలవాటు లేని పని, చెమటలు పట్టాయి. డబ్బుకి బదులుగా ఇరవయ్యేళ్ళ కొత్త బాండు తీసుకోవడానికి సమ్మతిస్తున్నానని ఉంది. "మాకు డబ్బే కావాలి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. గుమాస్తా నవ్వు మానేసి లెక్కపెట్టాడు. ఏడువేల రెండువందలిచ్చాడు.

"మిగతాది?"

"యుద్ధరుణ పన్ను, మూడువేల రెండువందలు. బాండ్లు తీర్చడానికి సర్కారుకి డబ్బు కావాలి కదండీ?"

"అంటే మాకివ్వాల్సింది మా దగ్గరే వసూలు చేసి మాకిస్తున్నారా?" అంది మా ఆవిడ.

"అందరి దగ్గరా చేస్తున్నామమ్మా," అన్నాడతను ఓదార్పుగా.

ఇంటికొచ్చేసరికి ఇంటాయన మా వీధి తలుపు ముందు నిలబడి కొలతలు తీస్తున్నాడు. పక్కన కలప కాంట్రాక్టరు. ఫిరంగి గుండ్ల పెట్టెలకని అడవులు నరికేశాక కలప బంగారమైంది. ఇంటాయన తన ఇళ్ళ టేకు తలుపులన్నీ పీకి అమ్మేసి రేకులు బిగిస్తున్నాడు.

"బాబాయ్‌గారూ, ఇల్లెంతకిస్తారు?" అని అడిగింది మా ఆవిడ.

"ఇప్పుడా? లక్ష, అమ్మాయ్."

ఆవిడ చేతిలోని డబ్బు సంచీ వైపు చూసుకుంది. ఆ మొహం చూడలేక నేను గడప చూస్తూ నిలబడ్డాను. ఈ పాపం నాదే. ఇరవైరెండేళ్ళ కష్టం సంచీలో పెట్టుకుని సొంత గుమ్మం ముందు బేరమాడే గతి ఆవిడకి పట్టించింది నేనే.

"తలుపెంతకిస్తారు?" అంది.

ఇంటాయన నవ్వాడు. కాంట్రాక్టరు కూడా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"ఈయన ఆరున్నర వేలిస్తానన్నాడు," అన్నాడు ఇంటాయన.

"నేను ఏడు వేలిస్తా. ఉన్నచోటే ఉండాలి. రాసివ్వండి."

తలుపు ఎక్కడికీ వెళ్ళదు, డబ్బు మాత్రం వస్తుంది. అంతకంటే మంచి బేరం ఇంటాయనకి ఈ జన్మలో తగలదు. అక్కడికక్కడే రాసిచ్చాడు. రసీదు నేను ముందునుంచి చదివాను, తర్వాత వెనకనుంచీ చదివాను. రెండువైపుల నుంచీ తలుపు మాదే. మిగిలిన రెండువందలకి ఒక ఇనుప గడియ వచ్చింది.

ఒకటో తారీకున ఇంటాయన అద్దె పెంచడానికి వచ్చాడు. ఎప్పట్లా తోసుకుని లోపలికి రాబోతే గడియ అడ్డుకుంది.

"అమ్మాయ్, తలుపు తియ్యి!"

మా ఆవిడ మిషను ఆపలేదు.

"ఇల్లు మీదే బాబాయ్‌గారూ, కాదనను. తలుపు మాత్రం మాది. ఈ చొక్కా అయ్యాక తీస్తాను."

ఆయన బయట నిలబడ్డాడు. ఆవిడ కాలర్ దగ్గరికొచ్చింది. కాలర్ కుట్టడం అయిపోయింది. అప్పుడు దాన్ని విప్పి, మళ్ళీ మొదటినుంచి కుట్టడం మొదలుపెట్టింది.