మంచినీళ్ళ డ్రమ్ము

తోటపల్లి గూడూరు మండలంలో మా ఊరి చుట్టూ రొయ్యల గుంటలొచ్చాక బోర్లన్నీ ఉప్పునీళ్ళయిపోయాయి. తాగే నీళ్ళు నాలుగు రోజులకోసారి ట్యాంకరులో వస్తాయి. వాటి కోసం నేను పోట్లాడని మనిషి లేదు. నా నోటికి భయపడి వీధిలో ఎవరూ నా డ్రమ్ము జోలికి రారు.

ఆశా కార్యకర్త రెబెక్కమ్మ మాత్రం వచ్చింది. అప్పటికే మా వీధిలో ఇద్దరికి డెంగీ. టార్చి వేసి డ్రమ్ములోకి చూసింది.

“పేరమ్మక్కా, పురుగులుండాయి. ఇయి డెంగీ దోమ పిల్లలు. నీళ్ళు పారబోసి, డ్రమ్ము తోమి ఆరబెట్టాల.”

“పారబోస్తే ఎల్లుండి దాకా నువ్వు తెచ్చి పోస్తావా? గుంటల్లో ఎకరాలెకరాలు నీళ్ళుండాయి, పో, వాటిని పారబొయ్యి!”

“ఆ దోమకు ఉప్పుగుంటలు పనికిరావక్కా. మంచినీళ్ళే కావాల.”

“ఓహో, దోమకి కూడా మంచినీళ్ళే కావాల్నా!” అని వీధంతా వినేలా నవ్వాను. ఆమె డ్రమ్ము వంచబోతే చెయ్యి పట్టుకుని లాగేశాను. ఆమె వెళ్ళాక నీళ్ళను పాత చీరగుడ్డలో వడగట్టి మళ్ళీ అదే డ్రమ్ములో పోశాను. పురుగులు పోయాయి కదా అనుకున్నాను. గుడ్లు డ్రమ్ము గోడకే అంటుకుని ఉంటాయని ఆమె చెప్పబోయింది. నేను చెప్పనిస్తేగా!

మూడు వారాలకు మా ఆయన మాల్యాద్రికి జ్వరం వచ్చింది. ఒళ్ళంతా విరగ్గొట్టినట్టుందన్నాడు. అతను గిరిబాబు గారి గుంటల్లో రొయ్యలకు మేత వేస్తాడు. ఆ వారమే రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి. వైరస్ ఉందేమోనని గిరిబాబు గారు రొయ్యల్ని నెల్లూరు ల్యాబుకు పంపించారు. మాల్యాద్రిని మాత్రం ఊళ్ళో సూదేసే అతని దగ్గరికి పంపించారు. మూడు రోజులు మూడు నొప్పుల సూదులు, పైన మాత్రలు. రొయ్యకున్నపాటి విలువ మా ఆయనకు లేకపోయింది, ఆ గుంటలు పాడుగాను! నేనేం తక్కువ తిన్నాను? ఆ మాత్రలు వేళ తప్పకుండా మింగించింది నేనే.

నాలుగో రోజు జ్వరం తగ్గింది. నేను సంబరపడ్డాను. ఆ రోజంతా అతను ఒంటేలుకు పోలేదు. మర్నాడు కాస్త వచ్చింది, కాఫీ డికాక్షన్ రంగులో. కాళ్ళూ చేతులూ చల్లబడిపోతుంటే ఆటోలో నెల్లూరు పరిగెత్తాం.

“డెంగీలో బీపీ పడిపోయి కిడ్నీలకు రక్తం అందలేదమ్మా. దాని మీద ఆ నొప్పుల సూదులు. రెండూ కలిసి దెబ్బతీశాయి,” అన్నారు డాక్టరు గారు. చాలామందికి కిడ్నీలు కొన్ని వారాల్లో కోలుకుంటాయట. నాలుగు నెలలు ఎదురుచూశాను. ఆ చాలామందిలో మా ఆయన లేడు.

ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్. రోజుకు మూడు గ్లాసుల నీళ్ళే తాగాలి. అంతకు మించితే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుందట. కొలిచి ఇచ్చేది నేనే.

నిన్న ట్యాంకరొచ్చింది. డ్రమ్ము తోమి, నింపి, గుడ్డ కట్టి మూత బిగించాను. రెబెక్కమ్మ వచ్చి టార్చి వేసి చూసి, మూత మళ్ళీ బిగించి వెళ్ళిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది, పడేదాన్ని.

మాల్యాద్రి మంచం మీంచి డ్రమ్మునే చూస్తున్నాడు. పెదాలు ఎండి పగిలిపోయాయి.

“మే, ఒక్క గుక్క.”

“ఈ రోజుకి అయిపోయినాయయ్యా.”

“డ్రమ్ము నిండుగా ఉండాదే!”

“డాక్టరు వద్దన్నాడు గదా.”

అతను గోడవైపు తిరిగాడు. “ఊరందరితో అంత పోట్లాడి, ఎవురి కోసం దాచినావు మే?” అన్నాడు.

అతని కోసమే. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.